క్వాంగ్ దేషుయ్ గారు కనబడుట లేదు

ఆ పొద్దున పెయ్‌షాన్ వేసిన పథకంలో ప్రమాదం కలిగించేది ఏదీ లేదు. సత్రం కింద కొట్లో నూడుల్స్ తినడం, బజారులో కాసేపు తిరగడం, మధ్యాహ్నం ఏటి ఒడ్డున చేప తినడం, ఆ తర్వాత తెప్ప ఎక్కి గుర్రాల కొండ చూసి రావడం. తెప్ప మీద చోటు నలుగురికి చెప్పింది. తను, భర్త వెయ్‌చాంగ్, కూతురు టింగ్‌టింగ్, అత్తగారు సూలాన్. సూలాన్ లెక్కలో మాత్రం వాళ్ళు ఐదుగురు.

ఆ ఐదో మనిషి ఆమె భర్త క్వాంగ్ దేషుయ్. ఆయన పోయి మూడేళ్ళయింది. అయితే మాత్రం ప్రయాణం మానుకోవాలా అన్నది సూలాన్ వాదన. ఫోషాన్‌లో టైల్స్ ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పనిచేసినన్నాళ్ళూ ఆయన ఒకే పాట పాడేవాడు. "వచ్చే ఏడు లీ నదికి పోదాం సూలాన్. బీరు పోసి వండిన చేప తిందాం. గుర్రాల కొండ మీద తొమ్మిది గుర్రాలూ నీకు నేను చూపిస్తా." ఒక ఏడు కొడుకు పెళ్ళి వచ్చింది. ఇంకో ఏడు మనవరాలు పుట్టింది. ఆ తర్వాత ఎడమ మోకాలు పట్టేసింది. ఆఖరికి వచ్చే ఏళ్ళన్నీ అయిపోయాయి. ఆయన రాలేకపోయిన చోటికి తనే ఆయన్ని తీసుకురావాలని సూలాన్ పట్టుబట్టింది. అందుకని ఈ ప్రయాణంలో ఎక్కడ తిండికి కూర్చున్నా తన పక్కన ఒక ఖాళీ కుర్చీ, ఒక గిన్నె, తినడానికి ఒక జత పుల్లలు పెట్టించి, "తిను, వేడిగా ఉంది," అని గొణిగేది.

పోయిన పెద్దలకి ముందు పెట్టి, వాళ్ళు తిన్నారనుకున్నాక ఆ వాటా ఇంట్లోవాళ్ళు తినడం ఫోషాన్ వాళ్ళందరికీ ఉన్న ఆచారమే. పారెయ్యకూడదు. కాకపోతే పండగనాడు ఇంట్లో ఒక్క పూట చెయ్యడం వేరు, విహారయాత్రలో పూటపూటా చెయ్యడం వేరు. తండ్రి వాటా కొడుకుదే గనక వెయ్‌చాంగ్ వచ్చిన దగ్గర్నుంచీ అన్నీ రెండేసి తింటున్నాడు. ప్యాంటు గుండీ పెట్టుకోవడం నిన్నటితోనే మానేశాడు.

"అమ్మా, నాన్నకి పొద్దున్నే ఇంత ఆకలి ఉండేది కాదే," అన్నాడు రెండో గిన్నె నూడుల్స్ వైపు దిగులుగా చూస్తూ.

"అప్పుడు ఫ్యాక్టరీ కూత భయం. ఇప్పుడు ఆయన్ని తరిమేవాళ్ళెవరు? తిను."

మధ్యాహ్నం చేప దగ్గర కథ అడ్డం తిరిగింది.

హోటలు ఏటి ఒడ్డునే ఉంది. ఎదురుగా పచ్చటి నీళ్ళు, నీళ్ళ అవతల బోర్లించిన గంపల్లా కొండలు. ముందురోజు వాన పడి ఏరు కాస్త పొంగింది. హోటలు యజమానురాలు జౌ గొంతు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, ఓపిక మాత్రం చిన్నది. టమాటాలు, పచ్చిమిరపకాయలు, బీరు పోసి మగ్గబెట్టిన పెద్ద చేపను తెచ్చి, మర్యాదగా దాని తల సూలాన్ వైపు ఉండేట్టు పెట్టింది. చేప తల ఎవరివైపు ఉంటే వాళ్ళే బల్ల దగ్గర పెద్ద. వాళ్ళు మొదట ముట్టుకోవాలి, అందాకా మిగతావాళ్ళు ఆగాలి.

సూలాన్ పళ్ళేన్ని మెల్లగా తిప్పి, తలను ఖాళీ కుర్చీ వైపు పెట్టింది. అందరూ చేతులు కట్టుకు కూర్చున్నారు.

జౌ వంటింట్లోంచి చూసింది. మళ్ళీ చూసింది. ఇక ఉండబట్టలేక వచ్చేసింది.

"ఏం పెద్దమ్మా, నా చేపకేం వచ్చింది? ముట్టుకోరేం?"

ఇక్కడ పెయ్‌షాన్ నిజం చెప్పేస్తే కథ ఇంతటితో అయిపోయేది. కానీ ఆమెకి ఊళ్ళో బట్టల కొట్టు ఉంది. బేరాల వేళ కొట్లో చావు మాట ఎత్తితే యజమానికి ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు. పైగా చచ్చిపోయిన మనిషిని హోటల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టామని ఏ మొహంతో చెప్పడం?

"మా మావయ్యగారు రావాలండీ. వెనక వస్తున్నారు," అంది.

"ఎక్కడిదాకా వచ్చారు?"

పెయ్‌షాన్ మొగుడి వైపు చూసింది. వెయ్‌చాంగ్‌కి కడుపు నిండా నూడుల్స్ ఉన్నాయిగాని బుర్రలో ఏమీ లేదు. "గుర్రాల కొండ చూస్తానని అటు వెళ్ళారు," అనేశాడు.

"గుర్రాల కొండకా? నడిచా? అది ఏటి వంపు దాటి కదా ఉంది!"

"మెల్లగా వెళ్తార్లెండి. ఆయనకి కాలు నొప్పి."

జౌ చేతిలోని గరిట ఆగిపోయింది. "కాలు నొప్పి ఉన్న ముసలాయన్ని, వాన పడ్డ ఒడ్డు మీద, ఒంటరిగా పంపి, మీరు తీరిగ్గా చేప ముందు కూర్చున్నారా? నువ్వు కొడుకువేనా అసలు?"

టింగ్‌టింగ్ నిజం చెప్పడానికి నోరు తెరిచింది. ఆచారం సంగతి తర్వాత చూసుకోవచ్చని పెయ్‌షాన్ ఆ నోట్లో చేమదుంప ముక్క కుక్కింది.

జౌ ఇక వాళ్ళని లెక్కచెయ్యకుండా సూలాన్ పక్కన చతికిలబడింది. "పెద్దమ్మా, నువ్వు చెప్పు. ఏం బట్టలేసుకున్నాడు?"

సూలాన్‌కి అబద్ధం రాదు. అడిగినదానికి జవాబు చెప్పడం మాత్రం వచ్చు. "నీలం కోటు. కొత్తది. నేనే తొడిగాను."

"ఫోను ఉందా దగ్గర?"

"పోయిన వసంతంలో కొత్తది పంపించాను. ఒక్కసారీ చెయ్యలేదు." సమాధుల పండగనాడు, కాల్చినవి పోయినవాళ్ళకి అందుతాయన్న నమ్మకంతో కాల్చి పంపిన ఆ కాగితం ఫోనుకి ఆమె ఛార్జరు కూడా జతచేసి కాల్చింది.

"మగాళ్ళంతా ఇంతే," అంది జౌ. "అయినా వంపు దాటితే ఫోన్లు పలకవులే. ఇలా చెప్పకుండా పోవడం అలవాటేనా?"

"మొదటిసారే," అంది సూలాన్. "ఆ రోజు కూడా మామూలుగానే పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే లేడు."

జౌ కళ్ళు తుడుచుకుని లేచి, రేవులోకి వెళ్ళి ఒక్క కేక పెట్టింది. తెప్పలవాడు లావ్ మో తింటున్న గిన్నె కింద పెట్టి పరిగెత్తుకొచ్చాడు. పెద్దాయన తప్పిపోయాడు, కుంటికాలు, నీలం కోటు అని విన్నాడో లేదో, తన మనుషుల్ని కేకేశాడు. మోటారు తెప్పలు రెండు వంపు వైపు వెళ్ళిపోయాయి. ఒడ్డున తిరుగుతున్న ఎర్రటోపీల యాత్రికుల గుంపు మూగింది. వాళ్ళ గైడు కుర్రవాడు నడుముకి కట్టుకున్న మైకు సవరించుకుని, తన గుంపుతో, "చూశారా? నా గుంపులో ఏనాడైనా ఒక్కరు తప్పిపోయారా? అదీ శ్రద్ధంటే," అన్నాడు. తర్వాత సూలాన్ దగ్గర వంగి అడిగాడు. "ఆయన పేరేంటి నానమ్మా?"

"క్వాంగ్ దేషుయ్," అంది సూలాన్.

గైడు మైకులో పిలిచాడు. "క్వాంగ్ దేషుయ్ గారూ! క్వాంగ్ దేషుయ్ గారూ!" ఎర్రటోపీలన్నీ గొంతు కలిపాయి. ఏటి మీద తెప్పలవాళ్ళు అందుకున్నారు. అవతలి ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్ళు ఎందుకో ఏమిటో తెలియకుండానే వాళ్ళూ అరిచారు. కొండలు ఆ పేరుని ఒకదాని దగ్గర్నుంచి ఒకటి పుచ్చుకుని మళ్ళీ వెనక్కి పంపాయి.

"చెప్పెయ్యనా?" అన్నాడు వెయ్‌చాంగ్, చెమటలు కక్కుతూ.

"ఇప్పుడా? ఇప్పుడు చెప్తే మనల్ని ఏట్లో తోసి, మన పేర్లు పిలుస్తారు," అంది పెయ్‌షాన్. "అడుసు తొక్కనేల అని మా అమ్మ ఊరికే అనలేదు."

"తొక్కింది నువ్వేగా!"

"కొండ దాకా నడిపించింది ఎవరు?"

ఈ గొడవలో సూలాన్ ఎక్కడుందో వాళ్ళు చూడలేదు. ఆమె నీళ్ళ దగ్గర, తడి రాళ్ళ మీద నిలబడి ఉంది. గంగవెర్రులెత్తిన రేవులో ఆమె ఒక్కతే ప్రశాంతంగా ఉంది. ఎవరైనా పేరు పిలిచినప్పుడల్లా అటు తిరిగేది. ఆమెకి ఏడుపు వస్తోంది. కానీ అది దుఃఖంలా లేదు. చాలా రోజులు పస్తులున్న మనిషికి అన్నం వాసన తగిలినట్టుంది.

కాసేపటికి ఒడ్డు వెంట కేకలు వినిపించాయి. "దొరికాడు! దొరికాడు!"

లావ్ మో ఒక ముసలాయన్ని రెక్క పట్టుకుని నడిపించుకొస్తున్నాడు. నీలం కోటే. కొద్దిగా కుంటుతున్నాడు కూడా. చేతిలో సగం ఒలిచిన పంపరపనస ఉంది. జనం దారి ఇచ్చారు. ఎర్రటోపీలు ఫోన్లు పైకెత్తాయి. జౌ కొంగు లేదు గనక ఏప్రాన్‌తో ముక్కు తుడుచుకుంది.

"వెదురు పొదల వెనక కూర్చున్నాడు పెద్దమ్మా," అన్నాడు లావ్ మో. "క్వాంగ్ దేషుయ్ అంటే 'ఆఁ' అని పలికాడు. ఇంద, తీసుకో నీ మనిషిని. ఈసారి తాడేసి కట్టుకో."

సూలాన్ దగ్గరికి వెళ్ళింది. ఆ ముసలాయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఆయన కాదని తెలుసు. తెలిసినా ఒక్క క్షణం ఆశపడింది.

"ఈయన కాదు," అంది.

"మరి మీ ఆయనేడీ?"

"పోయి మూడేళ్ళయింది నాయనా."

రేవు మొత్తం చల్లబడింది. లావ్ మో కీడు తగలకుండా గబుక్కున నేల మీద ఉమ్మేశాడు. జౌ తన హోటలు వైపు, ఆ ఖాళీ కుర్చీ వైపు, దానివైపే నోరు తెరిచి చూస్తున్న చేప వైపు చూసింది. పెయ్‌షాన్ చేటంత టోపీలో మొహం దాచుకుంది.

"చచ్చిపోయినవాడి కోసమా మాచేత గొంతులు చించుకునేలా అరిపించావు!" అన్నాడు లావ్ మో. "ముందే చెప్పొచ్చు కదా!"

"మీరు అడగలేదు," అంది సూలాన్. తర్వాత తల దించుకుంది. "చెబుదామనే అనుకున్నాను. కానీ వీడు నాన్న అంటాడు. అది మావయ్యగారంటుంది. చిన్నది తాతయ్యంటుంది. పేరు పెట్టి పిలిచేదాన్ని నేనొక్కదాన్నే. కోపం వస్తే ఇంటిపేరుతో సహా పిలిచేదాన్ని. ఈ మూడేళ్ళలో ఆ పేరు ఇంకెవరి నోటా నేను వినలేదు. ఇవాళ ఊరు పిలిచింది. కొండలు పిలిచాయి. ఆయన చూడాలనుకున్న కొండలే. ఆపండని ఎలా చెప్పను?"

వెయ్‌చాంగ్ వచ్చి తల్లి భుజం పట్టుకున్నాడు. నాన్న నూడుల్స్‌ని తిట్టుకున్నందుకు వాడికి సిగ్గేసింది.

గైడు కుర్రవాడే ముందు తేరుకున్నాడు. "ఇంతకీ తాతా, నీ పేరు కానప్పుడు నువ్వెందుకు పలికావు? ఏ గుంపువాడివి?"

ముసలాయన కోటు జేబులోంచి నలిగిన ఎర్రటోపీ తీశాడు. "నీ గుంపువాణ్ణే బాబూ. నా పేరు తాన్. హునాన్ నించి వచ్చాను. పొద్దున నువ్వు మూడో జేడు రాళ్ళ కొట్టుకి తోలుకెళ్తుంటే తప్పుకున్నా." గైడు మొహం టోపీ రంగుకి తిరిగింది. తాన్ సూలాన్‌తో అన్నాడు. "నన్నెవరైనా వెతుకుతారేమోనని పొదల వెనకే కూర్చున్నానమ్మా. ఎవరూ రాలేదు. ఆ తర్వాత ఈ పిలుపు వినబడింది. నాది కాదని తెలుసు. కానీ అంత గట్టిగా, అంతమంది పిలుస్తుంటే పలక్కుండా ఉండలేకపోయా."

"భోంచేశావా?" అంది సూలాన్.

"పంపరపనస తిన్నా."

"రా. అక్కడొకరి వాటా ఉంది. ఆయన తినేసే ఉంటాడు."

జౌ ముందు మైల పోవాలని పంపరపనస ఆకులు వేసిన నీళ్ళు తెచ్చి గుమ్మంలో, గల్లాపెట్టె మీద గట్టిగా చల్లింది. సూలాన్ మీద కూడా నాలుగు చుక్కలు చల్లింది. తర్వాత పళ్ళెం తీసుకుని వంటింట్లోకి పోతూ కేకలేసింది. "ముందే చెప్పి ఉంటే పొగలు కక్కేప్పుడే ఆయనకి పెట్టుండేదాన్ని కదా! చల్లారిన చేప పెట్టిందని పైన నా గురించి చెప్పుకుంటాడు!"

మళ్ళీ వేడి చేసిన చేప తలని ఆమె తనే ఖాళీ గిన్నె వైపు తిప్పి పెట్టింది. కాసేపు ఆగాక తాన్ ఆ వాటా తిన్నాడు. హునాన్ మనిషి గనక కారం లేదని వంక పెట్టాడుగాని ముల్లు కూడా మిగల్చలేదు. వచ్చాక మొదటిసారి వెయ్‌చాంగ్ ఒక మనిషి తిండే తిని లేచాడు. గైడు తాన్ చెయ్యి పట్టుకుని బస్సు దాకా వదల్లేదు.

సాయంత్రం లావ్ మో వాళ్ళని తన తెప్ప మీదే ఎక్కించుకున్నాడు. "ఐదుగురేగా?" అన్నాడు మొహం ముడుచుకునే, ఇంకో కుర్చీ వేస్తూ. వంపు తిరిగాక గుర్రాల కొండ కనబడింది. నిలువు రాతి మీద తెల్లగా, నల్లగా మరకలు, వాటిలోనే గుర్రాల్ని పోల్చుకోవాలి. టింగ్‌టింగ్ ఐదు చూశానంది. సూలాన్ చాలాసేపు చూసింది. ఒక్క గుర్రమూ కనబడలేదు. చూపిస్తానన్నవాడు పక్కన లేకపోతే ఎవరికి మాత్రం ఏం కనబడుతుంది?

ఆమె లేచి నిలబడి, కోపం వచ్చినప్పటిలా ఇంటిపేరుతో సహా కేకేసింది. "క్వాంగ్ దేషుయ్!"

కొండ ఆ పేరుని తిరిగి ఇచ్చింది. దాని వెనకే, పైవంపు చాటునుంచి, మధ్యాహ్నం వెళ్ళిన తెప్పలవాళ్ళ గొంతులు వినబడ్డాయి. సంగతి వాళ్ళకింకా చేరలేదు.

"కనబడలేదు పెద్దమ్మా! ఇంకా వెతుకుతూనే ఉన్నాం!"

లావ్ మో విషయం చెప్పడానికి నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. సూలాన్ అతని చెయ్యి పట్టి ఆపింది.

"వెతకండి నాయనా," అంది అటువైపు కేకేసి. "తొందరేమీ లేదు."