గూఢచారి బాణీ సంరక్షణ విభాగం

మానవజాతి నిర్మించుకున్న వ్యవస్థలన్నింటిలోకీ కట్టుదిట్టమైనది ఆ గూఢచారి సినిమాల నేపథ్య సంగీతమని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఆ వరసలో ఇప్పటికి ఇరవై రెండు సినిమాలు వచ్చాయి. హీరోలు ఆరుగురు మారారు. ప్రపంచం పదిహేడుసార్లు అంతం కాబోయి ఆగింది. మొదటి సంగీత దర్శకుడు గిటార్ మీద కట్టిన బాణీ మాత్రం మారలేదు. మారకుండా చూడటానికి ఒక విభాగమే ఉంది.

ఆ పెద్దాయన పోయాక వచ్చినవాళ్లు ఊరికే కూర్చోలేదు. ఒకాయన ఆ బాణీని సింథసైజర్ మీద వాయించి తిట్లు తిన్నాడు. ఇంకొకాయన ఎనభై వయొలిన్లు పెట్టి జనం చేత కన్నీళ్లు పెట్టించబోయాడు; పెట్టుకున్నది ఆయనొక్కడే. మరో మహానుభావుడు సంగీతం మొత్తం తీసేసి గూఢచారి ఊపిరి వినిపించాడు (హాల్లో స్పీకర్లు పోయాయని నిర్మాత కంగారుపడ్డాడు). వీళ్ల పనిని అప్పట్లో సర్వనాశనం అన్నారు, పదేళ్లయ్యాక స్వర్ణయుగం అన్నారు. పదేళ్లకు ముందే మెచ్చుకోవాలంటే ప్రత్యేక అనుమతి కావాలి.

ఇరవై మూడో సినిమాకి సంగీతం చేసే అవకాశం మా వదినకు వచ్చింది. ఆవిడ వెనక హార్డ్ డిస్కులు మోసే అవకాశం నాకు వచ్చింది.

విభాగం స్టూడియో మూడో అంతస్తులో, క్యాంటీన్ పైన ఉంది. సంరక్షణాధికారి మాకు నిబంధనల పుస్తకం ఇచ్చాడు. కొత్త సంగీతం కొత్తగా ఉండాలి, కానీ వినేవాళ్లకు ఆ సంగతి తెలియకూడదు. కొత్తదనం పన్నెండు శాతం దాటితే వివరణ జతపరచాలి, తగ్గితే క్షమాపణ జతపరచాలి. వదిన అన్నిటికీ బుద్ధిగా తలూపింది. ఒక్క పదకొండు సెకన్లు మాత్రం తనవి కావాలంది. స్నేహితుణ్ణి పోగొట్టుకున్న గూఢచారి గదికొచ్చి బూట్లు విప్పుకునే చోట, పియానో మీద చిన్న ముక్క. ఆవిడ ఇంట్లో దాన్ని కట్టి రికార్డు చేసిన నెల రోజులూ మా అన్నయ్య తుమ్ము వస్తే వీధిలోకి వెళ్లి తుమ్మి వచ్చాడు.

ఆ ముక్కను మూడుసార్లు పంపాం. మూడుసార్లూ వినకుండానే తిప్పి పంపారు. ఫారంలో 'ఇంతకుముందు ఏ సినిమాలో వాడారు?' అన్న గడిలో వదిన 'ఎందులోనూ లేదు' అని రాసిందట. ఆ గడిని అలా నింపడం కుదరదట.

ఎడిటింగ్ గదిలో ఒక అలవాటుంది. కొత్త సంగీతం అందేదాకా పాత సినిమాల్లోని సంగీతాన్ని అతికించి పని నడిపిస్తారు. విని విని అందరికీ అదే నచ్చేస్తుంది, ఆ తర్వాత ఏది తెచ్చినా చేదే. ఆఖరి పరిశీలన రోజున మా ఎడిటర్ ఒక పొరపాటు చేశాడు. బూట్లు విప్పే చోట పాత ముక్కకు బదులు, పక్కనే ఉన్న వదిన ముక్కను అతికించాడు.

అధికారి పదకొండు సెకన్లూ కదల్లేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పెద్దాయనది. ఏ సినిమాలోదో గుర్తు రావట్లేదు గానీ, ఆయన చెయ్యే. సంగీతమంటే ఇదమ్మా. ఇక్కడ మీరేం చెయ్యొద్దు, దీన్నే ఉంచేద్దాం."

ఎడిటర్ ముఖం పాలిపోయింది. నేను నోరు తెరిచాను. వదిన నా కాలు తొక్కింది, అదీ మడమతో.

మెట్ల దగ్గర ఆవిడ మీద విరుచుకుపడ్డాను. నోట్లో నాలుక లేదా అని అడిగాను.

"నాదని చెప్తే తీసేస్తారయ్యా," అంది వదిన. "చెప్పకపోతే ఉంటుంది. ఏది కావాలో నువ్వే చెప్పు."

హార్డ్ డిస్కులు భుజాన వేసుకుని మెట్లు దిగాను.

సినిమా విడుదలైంది. బూట్లు విప్పే చోట హాలంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. చివర్లో ఆ పదకొండు సెకన్లకు పెద్దాయన పేరు విడిగా, పెద్ద అక్షరాల్లో పడింది. జనం లేచి నిలబడ్డారు. అన్నయ్య చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పెద్దాయన పేరు పడ్డప్పుడు చప్పట్లు కొట్టని సంగీత దర్శకులు రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి కాబట్టి, వదిన అందరికంటే ఎక్కువసేపు కొట్టింది.