దయ్యం మిర్చి, ధనన్న దస్తీ

ప్రపంచంలోకెల్లా కారమైన మిరపకాయను తన సొంత డాబా మీద పండించి, తొలి కాపును ప్రియతమ నేత ధనుంజయ్ అన్నకు అంకితం చేస్తానని సిరిసిల్ల పట్టణ పార్టీ ఉపాధ్యక్షుడు రాజం ప్రెస్ మీట్‌లో గంభీరంగా ప్రకటించాడు. పట్టణానికి ఉపాధ్యక్షులు ఎంతమందో పార్టీకే సరిగ్గా తెలియదు. వాళ్ళలో తానొకడినన్న సంగతి మాత్రం రాజంకు బాగా తెలుసు. ప్రెస్ మీట్‌కు ఇద్దరు విలేకరులు వచ్చారు. ఒకాయన వార్త కోసం, ఇంకొకాయన మిర్చి బజ్జీల కోసం. చివరికి వార్త రాసింది బజ్జీలాయనే.

దీనికంతటికీ మూలం కోరుట్ల సభ. ఉమ్మడి జిల్లా ఇన్‌ఛార్జి ధనుంజయ్, అంటే అందరికీ ధనన్న, ఆ సభలో మైకు పట్టుకొని, “నా కార్యకర్తలల్ల కారం తగ్గింది. చప్పగున్నోళ్ళు నాకు అక్కర లేదు” అని గర్జించాడు. అందరూ చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోయారు. రాజం ఒక్కడే ఆ మాటను మనసులో పెట్టుకొని వచ్చాడు. దాన్ని అతను రాజకీయ పరిణతి అనుకున్నాడు. భార్య శ్రీలత వేరే మాట అనుకుంది.

“అన్న కారమంటే మిరపకాయలు పెట్టుమన్నట్టా? జర సోయి ఉండాలె.”

“లీడర్ మాటను డీకోడ్ చెయ్యాలె శ్రీలతా. అందరు అనుకున్నట్టే మనం గూడ అనుకుంటే, అందరికీ మనకు ఫరకేంది?”

“ఫరక్ ఉన్నది తియ్యి. వాళ్ళకు పదవులచ్చినయి.”

ఆ మాట రాజంకు తగలాల్సిన చోటే తగిలింది. తల నల్లగా ఉన్నప్పటి నుంచీ అతను పార్టీలో ఉన్నాడు. ఫ్లెక్సీలో అతని ఫొటో ఎప్పుడూ అట్టడుగు వరసలో, మూలకు వచ్చేది. తాడు కట్టడానికి ఫ్లెక్సీకి వేసే రంధ్రం సరిగ్గా అతని నుదుటి మీద పడేది. “అందరికి బొట్టు పెడితె నాకు బొక్క పెట్టిండ్రు” అని తనే నవ్వేవాడు. ఒక్క పదవి వస్తే చాలు, ఫొటో ఒక వరస పైకి పోతుందని అతని ఆశ. అంతకంటే పెద్ద ఆశలు పెట్టుకోవడానికి అతనికి మొహమాటం.

విత్తనాలు ఆన్‌లైన్లో తెప్పించాడు. ఈశాన్య రాష్ట్రాల మిరప. భూత్ జొలోకియా దాని పేరు. ఆ పేరు వాడకట్టులో ఎవరికీ నోరు తిరగక ‘దయ్యం మిర్చి’ అన్నారు. తడిగుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి, వెచ్చగా ఉంటుందని ఫ్రిజ్ మీద ఉంచితే, రోజూ మూత తీసి చూసే రాజం ఓపిక నశించాక అవి తీరిగ్గా మొలకెత్తాయి. పెయింట్ బకెట్లలో మట్టి నింపి నాటాడు. ప్రతి మొక్కకూ ఒక నాయకుడి పేరు రాసి బోర్డు గుచ్చాడు. అన్నిటికంటే ఏపుగా ఉన్నదానికి ‘ధనన్న’. దాని పక్కనే, కాస్త వినయంగా, ‘రాజం’.

ఎండలకు ధనన్న మొక్క మాడిపోయింది. రాజం మొక్కేమో నిగనిగలాడుతోంది. రాజం అటూ ఇటూ చూసి, తన బోర్డు పీకి జేబులో పెట్టుకొని, అక్కడ ధనన్న బోర్డు గుచ్చాడు. పార్టీలో పనిచేసినవాడికి ఇలాంటి సర్దుబాటు పెద్ద కష్టం కాదు.

ఎండ తగలకుండా పైన నీడ కట్టాలి. కింద షెడ్డులో అతని మరమగ్గాలు ఉన్నాయి. ఎన్నికలొస్తే వాటి మీద అన్ని పార్టీల జెండాల బట్టా నేస్తారు. మగ్గానికి సిద్ధాంతం ఉండదు. మిగిలిన ముక్కలన్నీ కుట్టి శ్రీలత పందిరి వేసింది. ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టగానే ధనన్న పీఏ సతీశ్ ఫోన్ చేశాడు.

“రాజమన్నా, అన్న మొక్క మీద వాళ్ళ పార్టీ జెండా ఏంది?”

రాజం ఆ జెండాను అప్పుడే చూశాడు. తర్వాత నోరు దానంతట అదే పనిచేసింది. “తమ్మీ, వాళ్ళు ఎండలె, మన అన్న సల్లగుండలె అని గట్ల కట్టిన.”

అవతల సతీశ్ ఆ మాట ఇంకోసారి చెప్పించుకొని, “గీ లైన్ అన్నకు చెప్త” అన్నాడు.

దసరా దాటాక కాయలు పండాయి. ముడతలు పడి, ఎర్రగా, కోపమొచ్చిన ముసలివాళ్ళలా ఉన్నాయి. రాజం చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకొని, ఒక్కో కాయను నిలువుగా కోసి డాబా మీద ఆరబెట్టాడు. అంతా జాగ్రత్తగా చేసి, ఆఖర్న అదే తొడుగుతో ముక్కు మీది చెమట తుడుచుకున్నాడు. ఆ మధ్యాహ్నమంతా అతను నీళ్ళ బకెట్లో తల పెట్టుకొని కూచున్నాడు. “లోకంల ఎవలన్న తన ముఖానికి తనే మిర్చి పెట్టుకుంటడా?” అని శ్రీలత అడిగింది. బకెట్లోంచి జవాబు వచ్చింది: “పార్టీల పెట్టుకుంటరు.”

అకాల వర్షం పట్టుకోకపోతే కథ అక్కడితో అయిపోయేది. కాయలు సగం ఎండాయి. తడిస్తే బూజు పడుతుంది. రాజం వాటిని ఇంట్లోకి తెచ్చి, మంచం మీద పరిచి, పైన ఫ్యాన్ ఫుల్‌గా పెట్టాడు. ఇది తన జీవితంలోకెల్లా తెలివితక్కువ పని అని కొద్దిసేపట్లో అతనికే అర్థమైంది. అప్పటికి ఘాటు ఇల్లంతా దాటి, షెడ్డులోకి దిగి, మగ్గాల మీది వాళ్ళను ఏడ్పించుకుంటూ రోడ్డు మీదికి తెచ్చింది.

ఎదురింటి ఇంద్రమ్మ వచ్చి చూసింది. ఇంటి ముందు జనం, అందరి కళ్ళలో నీళ్ళు. “అయ్యో రాజం! పోయినవా కొడుకా!” అని గుండెలు బాదుకుంది.

“నేనున్న చిన్నమ్మా” అన్నాడు గేటు దగ్గర నిలబడ్డ రాజం, కళ్ళు తుడుచుకుంటూ.

ఇంద్రమ్మకు ఆపుదామన్నా ఏడుపు ఆగలేదు. అంతలో ఘాటు ఆమెనూ పట్టుకుంది. సరిగ్గా అప్పుడే సతీశ్ కారు దిగాడు. జనాన్ని చూసి చెప్పులు విడిచాడు. ఎక్కడో సన్మానానికని కారులో పెట్టుకున్న దండ తీసుకొని, తలవంచుకొని రాజం దగ్గరికే వచ్చి, “ఎవలన్నా? ఎప్పుడు జరిగింది?” అన్నాడు.

“ఎవలు పోలే తమ్మీ. మిర్చి ఆరబెట్టిన.”

సతీశ్ తన చెంపలు తడుముకున్నాడు. తడిగా ఉన్నాయి. “మా నాయిన పోయిన్నాడు గూడ నాకు గిన్ని నీళ్ళు రాలే” అన్నాడు నెమ్మదిగా. దండ చేతిలో పట్టుకొని చాలాసేపు అక్కడే నిలబడి ఆలోచించాడు.

తర్వాత రాజంను పక్కకు తీసుకుపోయి అసలు సంగతి చెప్పాడు. “అన్నకు అల్సర్. పెరుగన్నంల ఆవగింజ కనవడ్డా పక్కకు పెడుతడు. నీ మిర్చి తినుడు కాని పని.”

“మరి కోరుట్లల కారం కారం అన్నడు?”

“గది స్పీచన్నా. ఇగో, జగిత్యాలల మన పార్టీ సీనియర్ హన్మండ్లు సార్ సంతాప సభ ఉన్నది. అన్నకు ఆయనకు మాటలు లేకుండె. గని స్టేట్ లీడర్లు వస్తున్నరు, ఏడ్వాలె. అన్నకు నవ్వుముఖం. ఎంత కష్టపడ్డా ఏడుపస్తలేదు.”

ఆ విధంగా పార్టీకి రాజం సేవలు అవసరమయ్యాయి. శ్రీలత ఎండిన కాయల డబ్బాలో కొత్త చేతిరుమాళ్ళు, అంటే దస్తీలు, పెట్టి మూత బిగించింది. ఒక పూట ఉంచితే లైట్, రెండు పూటలు ఉంచితే ఫుల్. జగిత్యాల సభలో ధనన్న మైకు ముందుకొచ్చి, “హన్మండ్లు నాకు అన్నతోటి సమానం” అని దస్తీతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత ఆయన మాట్లాడలేకపోయాడు. మైకు స్టాండు పట్టుకొని వంగిపోయాడు. ముక్కు, కళ్ళు, మాట అన్నీ ఒకేసారి కారాయి. హన్మండ్లు భార్య లేచి వచ్చి ఆయనకే నీళ్ళు తాగించింది. మరునాడు పేపర్లో సగం పేజీ ఫొటో. ‘కరిగిన కొండ’ అని హెడ్డింగ్.

ఆ తర్వాత ధనన్న కారులో రాజంకు పర్మినెంట్ సీటు వచ్చింది, దస్తీల డబ్బా ఒళ్ళో పెట్టుకొని. బోయినపల్లిలో మంచినీళ్ళ ప్లాంటు ప్రారంభానికి రాజం పొరపాటున ఫుల్ దస్తీ ఇచ్చాడు. ధనన్న రిబ్బన్ కత్తిరిస్తూ భోరుమన్నాడు. రాజం తన రాజకీయ జీవితం ముగిసిందనుకున్నాడు. పేపర్ మాత్రం ‘నీటి విలువ తెలిసిన నేత’ అని రాసింది.

ముస్తాబాద్‌లో వడగళ్ళకు వరి నేలకొరిగినప్పుడు కూడా పోయారు. పొలం గట్టు మీద ధనన్న ఏడుస్తుంటే, ఆ పొలం మనిషి సాయమ్మ దగ్గరికొచ్చి కొంగుతో ఆయన కళ్ళు తుడిచింది. “ఏడ్వకు కొడుకా. మేం ఎట్లనో బతుకుతం. నువ్వు గిట్లయితె ఎట్ల?” అన్నది. తుడిచిన కొంగుతోనే తన ముఖమూ తుడుచుకొని, “వామ్మో, కండ్లు మండుతున్నయి. గీ ఎండొకటి” అని కాలువ వైపు పోయింది. రాజం ఆమె వెనకే నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఆ రాత్రి అన్నం ముందు ఊరికే కూచున్నాడు. శ్రీలత అడిగితే, “గా ముసలమ్మకు ఎండ కాదని చెప్పలేకపోయిన” అన్నాడు. పొద్దున సతీశ్ ఫోన్ చేస్తే లేచి డబ్బా సర్దుకున్నాడు. తన మీద తనకు అంతకంటే పెద్ద నమ్మకం ఎప్పుడూ లేదు.

ఈలోగా పందిరి కింద మిర్చి రెండో కాపుకొచ్చింది. రాజం కళ్ళు మాత్రం ఘాటుకు అలవాటుపడి, కాయలను ముఖం దగ్గర పెట్టుకున్నా చెమ్మగిల్లడం మానేశాయి. అప్పుడే ధనన్న ఒక చారిత్రక నిర్ణయం తీసుకున్నాడు. ఇంటింటా మిర్చి సాగును ప్రోత్సహించడానికి పార్టీ తరఫున ‘గృహ మిర్చి అభివృద్ధి మండలి’ ఏర్పాటవుతుందని, దానికి ఒక చైర్మన్ ఉంటాడని సెలవిచ్చాడు. జగిత్యాల మీటింగులో పేరు ప్రకటిస్తారు.

“మిర్చి పెంచెటోడు నువ్వొక్కనివే. ఇంకెవలకిస్తరన్నా?” అన్నాడు సతీశ్.

శ్రీలత కూడా ఈసారి వెక్కిరించలేదు. అదే రాజంకు అన్నిటికంటే పెద్ద శకునంగా తోచింది. తెల్లచొక్కా ఇస్త్రీ చేసిచ్చి, గుండీ తనే పెట్టి, “సన్మానం చేస్తె శాలువ మడతపెట్టుకొని రా, నలిగిపోతది” అని మాత్రం అన్నది. రాజం దారంతా మాట్లాడాల్సిన నాలుగు ముక్కలూ పెదవులతో చెప్పుకుంటూనే పోయాడు.

హాలు నిండింది. ధనన్న కాగితం తీసి చదివాడు. గృహ మిర్చి అభివృద్ధి మండలి చైర్మన్, మహేశ్.

మహేశ్ ధనన్న బామ్మర్ది. కోరుట్లలో ఐస్‌క్రీమ్ పార్లర్ నడుపుతాడు. అతను దండలు వేయించుకుంటూ, తనకు కారం అస్సలు పడదని, అందువల్ల మిర్చి విషయంలో నిష్పక్షపాతంగా ఉంటానని మాట ఇచ్చాడు.

స్టేజీ మీద చివరి కుర్చీలో కూర్చున్న రాజంకు మొదట ఏమీ అనిపించలేదు. చప్పట్లు కొట్టాడు. కొడుతూనే ఉండగా చేతుల మీద నీళ్ళు పడ్డాయి. పైన కప్పు కారుతోందేమోనని తలెత్తి చూశాడు. కారడం లేదు. జేబులో దస్తీ లేదు. డబ్బా ఎక్కడో కారులో ఉంది. అతని భుజాలు అదిరాయి, గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఎంత బిగబట్టినా ఆగలేదు. కెమెరాలు ఒక్కొక్కటే మహేశ్ మీంచి అతని మీదికి తిరిగాయి.

ధనన్న నవ్వు చెదరకుండా అతని వైపు వంగి, చెవిలో అన్నాడు: “రాజం, ఇయ్యాల ఏడుపు ప్రోగ్రాం లేదు గదా. నీకెవలు దస్తీ పెట్టుమన్నరు?”

తర్వాత మైకు తీసుకొని, తన బామ్మర్దికి పదవి వచ్చిందని ఒక సామాన్య కార్యకర్త ఆనందం పట్టలేక ఏడుస్తున్నాడని సభకు తెలియజేశాడు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మహేశ్ తన మెడలోని దండ ఒకటి తీసి రాజం మెడలో వేశాడు.

మరునాడు పొద్దున రాజం డాబా మీద మొక్కలకు నీళ్ళు పోస్తుంటే ఫోన్ మోగింది. సతీశ్ గొంతులో మునుపెన్నడూ లేని గౌరవం ఉంది.

“అన్నా, టీవీల అందరు చూసిండ్రు. స్టేట్ ఆఫీసు నుంచి ఫోన్లు. మన దస్తీతోటి ముక్కు కారుతది, దగ్గస్తది, పట్టుకుంటె దొరికిపోతం. నిన్న నువ్వు వాడింది గట్ల కాదు, అస్సలు తెలుస్తలేదు. సొంతానికి మంచి రకం దాచుకున్నవని అన్న అంటున్నడు. గదే పంపుమన్నడు.”

“గది అయిపోయింది తమ్మీ.”

“అరె. మరి మల్ల ఎప్పుడు కాస్తది?”

రాజం మగ్గు పక్కన పెట్టాడు. కొద్దిసేపు నిజంగానే ఆలోచించాడు.

“మల్ల పదవుల లిస్టు ఎప్పుడస్తది?” అని అడిగాడు.