ఆర్చీ కింద ఆగిన ఫ్యాక్టరీ

కొమరాజులంక గ్రామానికి ఎట్టకేలకు ఫ్యాక్టరీ వచ్చిందని ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. అది బుల్లియ్య ట్రైలరు మీద వచ్చింది. ఆ సంగతి బుల్లియ్యకు మాత్రం ముందుగా తెలియదు.

అతనికి తెలిసిందల్లా తను మండపేటలో చిట్టియ్య గారి రైసుమిల్లుకు బాయిలరు తీసుకెళుతున్నానని. ఆ పొడవాటి ట్రైలరుకు ఓనరూ అతనే, డ్రైవరూ అతనే. మామూలు లారీల్లో పట్టని సరుకులే అతని బతుకుదెరువు. రోడ్ల శాఖ దారి చూసి సంతకం పెట్టింది. రవాణా శాఖ ఎత్తు చూసి పెట్టింది. విద్యుత్ శాఖ ఏమీ చూడకుండానే పెట్టింది. నిడదవోలు నుంచి మండపేట దాకా ఆ బాయిలరుకు అడ్డేమీ లేదని ఇన్ని శాఖలూ కలిసి తేల్చాయి. రావులపాలెంలో అరటిగెలల లారీలు కూడా మర్యాదగా పక్కకు తప్పుకున్నాయి.

కొమరాజులంక మొదట్లో మాత్రం రోడ్డుకు అడ్డంగా లోకనాథ్ గారి పుట్టినరోజు ఆర్చీ ఉంది. పుట్టినరోజు ఎప్పుడో వెళ్ళిపోయింది గానీ ఆర్చీ వెళ్ళలేదు. వచ్చే ఏడు మళ్ళీ పుట్టినరోజు రాకపోతుందా అని ఉంచేశారు. ఇనప గొట్టాలు, నాలుగు బోల్టులు, పైన ఫ్లెక్సీలో నమస్కారం పెడుతున్న నాయకుడు. బాయిలరు ఆ ఆర్చీ కంటే జానెడు ఎత్తుంది. రోడ్డుకు ఒకపక్క కాలువ, మరోపక్క వరిచేను. వెనక్కి తిప్పుకునే చోటు లేదు. బుల్లియ్య పానా తీసుకుని దిగాడు.

యువజన సంఘం అధ్యక్షుడు దుర్గాసాయి పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పండి బాబూ. బోల్టు ఇప్పడం పెద్ద పనేం కాదండి. లోకనాథ్ గారిని దింపేశామని ఎవడైనా ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే నా భవిష్యత్తు ఏంటండి?"

"మళ్ళీ బిగించేస్తానండి."

"దింపినోడికి మాటొస్తుంది గానీ బిగించినోణ్ణి ఎవరు చూస్తారండి? ముందు టిఫిన్ చెయ్యండి."

మా జిల్లాలో మనిషిని అడ్డగించాలంటే ముందు ఆకేసి కూర్చోబెడతారు. పొద్దున పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు పెట్టారు, మధ్యాహ్నం పనసపొట్టు కూర పెట్టారు, దారి మాత్రం ఇవ్వలేదు. సంతకాలు పెట్టిన శాఖల వారికి ఫోన్ చేస్తే, లోడు విషయంలో తమకు పూర్తి అధికారం ఉందనీ, ఫ్లెక్సీ విషయంలో తామూ దాని కింద నుంచి నడిచే సామాన్యులమేననీ సెలవిచ్చారు. ఇంతలో చిట్టియ్య గారు ఫోన్ చేశారు.

"గురువారానికి బాయిలరు రాకపోతే ఇక మీరు మా వైపు రానక్కర్లేదండి. మిగతా మిల్లులోళ్ళకీ అదే చెబుతానండి."

మిల్లుల లోడ్లు పోతే ట్రైలరును తూకానికి అమ్ముకోవడమే.

మర్నాడు లోకనాథ్ గారు పెళ్ళికి వెళుతూ, తన ఆర్చీ దగ్గర అంత పెద్ద యంత్రాన్నీ దాని చుట్టూ జనాన్నీ చూసి కారాపించారు. జనం ఉన్నచోట మాట్లాడకుండా పోవడం ఆయన జాతకంలో లేదు. మైకు కారులోనే ఉంటుంది.

"సోదర సోదరీమణులారా, ఫ్యాక్టరీ తెస్తానన్నాను, తెచ్చాను. ఇందులో ఏం తయారవుతుందని గిట్టనివాళ్ళు అడగవచ్చు. ఉద్యోగాలు తయారవుతాయి."

ఎవరో కొబ్బరికాయ కొట్టారు. బుల్లియ్యకు శాలువా కప్పి పారిశ్రామికవేత్త అన్నారు. "ఇది మండపేట మిల్లుదండి" అని అతను అన్న మాట చప్పట్లలో కలిసిపోయింది. డిగ్రీలు చదివి ఖాళీగా ఉన్నవాళ్ళంతా ట్రైలరు పక్కన క్యూ కట్టి బయోడేటాలు ఇచ్చారు. ఏళ్ళ తరబడి ఫ్యాక్టరీ కోసం చూసిన కళ్ళకు కింద చక్రాలు కనబడవు.

శాలువా పడ్డాక బుల్లియ్యకు లోకజ్ఞానం కలిగింది.

"దుర్గాసాయి గారూ, ఫ్యాక్టరీ తెచ్చినాయన్ని ఇంకా పాత పుట్టినరోజు ఫ్లెక్సీలోనే ఉంచారేంటండి? 'పారిశ్రామిక ప్రదాత' అని ఇంతకంటే పెద్దది వెయ్యొద్దా?"

దుర్గాసాయి ఆలోచించాడు. ఊరికే దింపితే ద్రోహం. పెద్దది కట్టడానికి దింపితే భక్తి. "ఆయ్, నిజమేనండి" అంటూ పానా తనే అందుకున్నాడు. కృతజ్ఞతగా కొత్త ఫ్లెక్సీలో ఒక మూల బుల్లియ్య ఫొటో కూడా వేయిస్తానన్నాడు. ఆర్చీ లేని ఆ కాసేపట్లో, "పొగ్గొట్టం బిగించుకుని వచ్చేస్తానండి" అని చెప్పి బుల్లియ్య బండి కదిపాడు. బాయిలరు గురువారానికి మండపేట చేరింది. కొమరాజులంక ఇంకా పొగ్గొట్టం కోసం ఎదురుచూస్తోంది.

కోతలయ్యాక బుల్లియ్యకు బావ వరసయ్యే తాతాజీ, తన ట్రైలరు మీద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేసుకుని అదే దారిన బయలుదేరాడు. కరెంటు లేక ఆపరేషన్లు ఆపేసిన ఒక ఆసుపత్రికి అది చేరాలి. దారి తెలిసినవాడని బుల్లియ్యను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కొమరాజులంకలో ఫ్లెక్సీ పెద్దది కావడంతో కొత్త ఆర్చీ పాతదానికంటే కిందికి ఉంది. తాతాజీ పానా తీసుకుని దిగాడు.

బుల్లియ్య తలెత్తి చూశాడు. ఫ్లెక్సీలో లోకనాథ్ గారి చెప్పుల దగ్గర, శాలువాతో, నమస్కారం పెడుతూ తను. ఆ ఫొటోను భార్య సుబ్బాయమ్మ ఎప్పుడో చుట్టాలందరికీ పంపేసింది. ఎంత బాగా పడ్డానో అనుకున్నాడు.

గబగబా దిగి వెళ్ళి తాతాజీ చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పు బావా. ముందు టిఫిన్ చేద్దాం రా."