బొంతల కింద రేడియో

ఆ రోజు పొద్దున లింగం వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనానికి వచ్చే ఇన్‌స్పెక్టరు చెయ్యి కడుక్కుని వెళ్లేదాకా ఇంట్లో రేడియో ఉన్నట్టు తెలియకూడదు. అంతే.

లింగం బోధన్ దగ్గర ఒక ఊళ్లో పోస్టాఫీసు గుమాస్తా. ఊరి పేరెందుకు లెండి, అతన్ని గుర్తుపట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. పందొమ్మిది వందల అరవై ఆరులో రేడియో ఉన్నవాళ్లంతా ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు తీసుకోవాలి. ఆ లైసెన్సులు రాసే కిటికీ లింగానిదే. లైసెన్సు లేకుండా రేడియో పెట్టినా నేరమే, విన్నా నేరమే అని ఆ కిటికీలోంచి జనాన్ని అదరగొట్టేవాడు. తన ఇంట్లో రేడియోకు మాత్రం మూడేళ్లుగా లైసెన్సు లేదు. రాసేవాణ్ని అడిగేదెవరని అతని ధీమా.

ఆ ధీమా కాస్తా నిన్నటి టపాతో నీరుగారింది. నిజామాబాదు నుంచి నూరుల్లా అనే ఇన్‌స్పెక్టరు లైసెన్సుల తనిఖీకి వస్తున్నాడట. ఊళ్లో హోటలు లేదు కనుక వచ్చిన అధికారికి గుమాస్తా ఇంట్లో భోజనం పెట్టడం ఆనవాయితీ. రేడియో కంటపడిందా, ఉద్యోగం ఊడినట్టే.

పోనీ అది నోరు మూసుకుని పడి ఉండే రేడియో అయినా బాగుండేది. వారం నుంచి దానంతట అదే మోగుతోంది, దానంతట అదే ఆగుతోంది. లింగం తల్లి నాగవ్వ గాలి సోకిందని మిరపకాయలతో దిష్టి తీసింది. ఇల్లంతా దగ్గు తప్ప గుణం కనపడలేదు. మెకానిక్ ముష్తాక్ తన దుకాణంలో రెండు రోజులు పెట్టుకుని చూస్తే అక్కడ అది బుద్ధిగానే ఉంది. ఇంటికి తేగానే మళ్లీ మొదలు. చివరికి ముష్తాక్ మీట విప్పి, కిరసనాయిలుతో తుడిచి, పైన నాలుగు దెబ్బలు తగిలించి, ఇక దానంతట అది మోగితే మీసం తీయించుకుంటానన్నాడు. అతనికి మీసమే లేదన్న సంగతి ఆ కంగారులో లింగానికి తట్టలేదు.

రేడియోను పక్కింటి ఖైరున్నిసా దగ్గర దాచమంది నాగవ్వ. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? లైసెన్సుల గుమాస్తాకే లైసెన్సు లేదని వాడంతా తెలిసిపోదూ? వద్దన్నాడు. హడావిడిలో వైరు పీకడం మరిచి, మీట మాత్రం ఆపేసి, రేడియో మీద ఏడు బొంతలు పేర్చాడు. రోజూ నాగవ్వతో పాటు అరుగు మీద కూర్చుని, రేడియో వింటూ బీడీలు చుట్టే ఖైరున్నిసాను ఆ పూట రావద్దన్నాడు. ఆకు నానబెట్టాను, చుట్టకపోతే పాడైపోతుందని ఆమె చాట పట్టుకుని వచ్చేసింది.

నూరుల్లా నెమ్మదస్తుడు. గోడకు ఆనుకుని కూర్చుని పప్పు మెచ్చుకున్నాడు, రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. లింగం ప్రాణం కుదుటపడింది. సరిగ్గా అప్పుడే వీధిలోంచి చెరుకు లారీలు వరసగా ఫ్యాక్టరీకి పోయాయి. గోడ అదిరింది, చెంబులో మజ్జిగ వణికింది. ముష్తాక్ దుకాణం ముందు నుంచి లారీలు పోవు. లోపల అరిగిపోయిన మీట అదిరినప్పుడల్లా కలుస్తుందని లింగానికి ఆ క్షణంలో తెలిసింది. తెలిసి ఏం లాభం? రేడియో వేడెక్కడానికి అర నిమిషం పట్టింది.

నూరుల్లా ముద్ద కలుపుతూనే తలెత్తాడు. "లింగంగారూ, మీ బొంతలు వార్తలు చదువుతున్నయి."

లింగం చూపు అరుగు మీదికి పోయింది. "నాది కాదు సార్. గా బీడీలు చేసే ఖైరున్నిసాది. వాళ్లింట్ల జాగ లేదని ఈడ పెట్టుకున్నది," అని ఆమెకు కళ్లతోనే దండం పెట్టాడు.

ఖైరున్నిసా చేతిలో బీడీకి దారం చుట్టి మరీ లేచింది. "అవు సాబ్, నాదే. కాయిదం గూడ ఉన్నది," అంటూ ఇంటికి పోయి లైసెన్సు పట్టుకొచ్చింది. చూస్తే నిజమైన లైసెన్సే. కింద లింగం దస్తూరీ, పైన తపాలా ముద్ర.

"రేడియో ఇన్నా జుర్మానా పడ్తదని లింగమన్న కిటికీల కూసుండి అందరికి చెప్పిండు," అంది ఆమె. "నేను దినాం ఇంటున్న గద సాబ్. భయమై ఈ యేడు గూడ తీసుకున్న."

బురఖా వేసుకుని కిటికీ ముందు నిలబడ్డ మనిషి పేరు అడిగి రాశాడే తప్ప లింగం తలెత్తి చూసిందెప్పుడు?

ఉద్యోగం దక్కిందని లింగం మజ్జిగ వంచబోయాడు. నూరుల్లా మాత్రం కాగితాన్ని మళ్లీ చదివాడు. రేడియో ఈమెది, లైసెన్సు ఈమెది, అందులో రాసిన చిరునామా ఈమె ఇల్లు, మరి ఇది ఇక్కడ ఉండటం నిబంధనలకు విరుద్ధం కదా అన్నాడు. ఆమె ఇంట్లో కరెంటు ఉందో లేదో కనుక్కుని, తన కళ్లముందే చేర్పించమన్నాడు. ఏడు బొంతలు తీసి, సొంత రేడియోను సొంత భుజం మీద పెట్టుకుని లింగం పక్కింటికి మోశాడు. వెనకాలే నాగవ్వ తన చాట తీసుకుని ఖైరున్నిసా అరుగు మీదికి మారిపోయింది.

సాయంత్రం లింగం దొంగలా వెళ్లి ఖైరున్నిసాను బతిమాలాడు. ఆమె వెంటనే ఒప్పుకుంది.

"తీస్కపో అన్న, నేనేం జేస్కుంట. కాని నీ పేరు మీద కాయిదం రాసుకొని తీస్కపో. గట్ల జేయకుంటే జేలని నువ్వే చెప్పితివి గద."

కాగితం రాసుకోవాలంటే పోస్టుమాస్టరు సంతకం కావాలి. రేడియో ఎప్పుడు కొన్నావన్నదే ఆయన అడిగే మొదటి ప్రశ్న అని లింగానికి తెలుసు. మర్నాడు కిటికీ దాకా వెళ్లి, ఫారం మీద తన పేరు సగం రాసి, చింపేశాడు.

ఆ ఏడాది ఆ ఊళ్లో లైసెన్సు లేని రేడియో ఒక్కటీ లేదని నూరుల్లా రిపోర్టులో రాశాడు, గుమాస్తా శ్రద్ధను ప్రత్యేకంగా మెచ్చుకుంటూ.