నూట నలభై ఏడో మందుకు దంతాలొచ్చాయి

ఒక పెద్ద అడవిలో వైరస్ చాలా చిన్నది, దాని మీద వేసిన మందుల మండలి మాత్రం చాలా పెద్దది.

ఆ వైరస్ సోకితే తుమ్ముజ్వరం. నిమిషానికి పద్నాలుగు తుమ్ములు. లెక్కపెట్టింది పిప్పలి అనే కుర్ర ముంగిస. తుమ్ముతున్నది దాని చెల్లెలు వాము. తిండి మానేసి నాలుగు రోజులైంది.

ఎవరూ అడక్కుండానే పిప్పలి పనిలో దిగింది. వైరస్ ఒంటి మీద ఒక గుంట ఉంది. అందులో సరిగ్గా ఇరుక్కునే అణువు దొరికితే వైరస్ ఇక పిల్లల్ని పెట్టలేదు. వేర్లు, ఆకులు కాచి, ముక్కలు విడదీసి, మళ్ళీ అతికించి, నూట నలభై ఆరు మందులు పారబోసింది. నూట నలభై ఏడోది టక్కున ఇరుక్కుంది. మొత్తం ఇరవై మూడు పరమాణువులు.

పరుగున మండలికి తీసుకెళ్ళింది. అక్కడొక ఆచారం ఉంది. ప్రతి సభ్యుడూ ఏదో ఒక సవరణ చేస్తేనే మందుకు ఆమోదం.

"బాగుందమ్మాయ్," అంది అధ్యక్షుడు ఏనుగు. "కానీ మరీ బక్కగా ఉంది. అడవి పరువేం కాను? రెండు దంతాలు తగిలించు."

"అయ్యా, గుంటలో ఇరవై ఆరు పరమాణువులకే చోటుంది."

"చోటు చాలకపోతే అది వైరస్ తప్పు!"

దుప్పి కొమ్ములు పెట్టించింది. నెమలి నీలం ఉంగరం పెట్టించింది. కార్యదర్శి తొండ అన్నిటికీ తలూపి, ఊపినందుకు గుర్తుగా ఒక తోక పెట్టించింది.

"నూట ఇరవై పరమాణువులు," అంది పిప్పలి నీరసంగా. "ఇది గుంటలో పట్టదయ్యా. వైరస్సే దీని మీద కాపురం పెట్టుకోవచ్చు."

"అధికప్రసంగం! ముందు పరీక్ష చెయ్యి. పోలికకి ఆ మొదటి బోడి మందు వాడు." ఏనుగు తుమ్మింది. నెమలీ తుమ్మింది. మండలికీ అంటుకుంది. "సవరించినది సభ్యులకి. బోడిది మిగతా అడవికి."

పిప్పలి గబుక్కున బోడి మందు సీసా చంకన పెట్టుకుంది. "అలాగేనయ్యా. వరసలో ముందు మా చెల్లిని కూర్చోబెడతాను."

"అయ్యో పాపం, దానికి బోడిదేనా!" అని తొండ జాలిగా తలూపింది.

అయిదు రోజులు గడిచాయి. బోడి మందు తాగిన మూడు వందల నలభై జంతువుల్లో మూడు వందల ముప్ఫై ఒక్కదానికి తుమ్ములు ఆగాయి. వాము లేచి కూర్చుని, "అక్కా, గుడ్డేమైనా ఉందా?" అంది. మండలిలో తుమ్ములు నిమిషానికి పద్నాలుగుకి పద్నాలుగే. నెమలి మాత్రం నీలంగా తుమ్ముతోంది.

"ఆ బోడి మందు... హాచ్... ఇటు పట్రా!" అరిచింది ఏనుగు.

పిప్పలి సీసా మూత తీసి ఆగింది. "తెచ్చానయ్యా. కానీ మండలి ఆమోదించని మందు సభ్యులకి ఇవ్వకూడదని మీ రూలే."

"ఆమోదించాం, పొయ్యి!"

"అంటే సవరణలు అక్కర్లేదా?"

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఉంగరం లేకుండానా?" అంది నెమలి.

"పోనీ," అంది ఏనుగు తుమ్ము ఆపుకుంటూ, "ఒక్క దంతం చాలు."

తొండ తలూపింది.

నీతి: పెద్దల సలహాలన్నీ కలిసిన మందును పెద్దలకే ఇవ్వాలి, మిగతావాళ్ళు బతికిపోతారు.