ప్రస్థానం మూట

శుక్రవారం పొద్దున హరినాథ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాఫీ తాగడం, చీర డిజైను తిరుపతికి పంపడం, ఆ సంతోషంలో ఇంకో కాఫీ తాగడం. తిరుపతిలోని ఒక పెద్ద చీరల కంపెనీ ఈ సీజనుకు ఒకే ఒక్క డిజైను ఎంచుకుంటామంది. మధ్యాహ్నం పన్నెండులోపల ఫైలు వాళ్ల సర్వరులో ఉండాలి. ఎంపికైతే నగరిలో హరినాథ్ ఇంటి వెనక మూగపోయిన మరమగ్గాలు మళ్లీ దడదడలాడతాయి. కాకపోతే వాటిని పాత ఇనుముకు తూచేసి, తను తడ దగ్గర ఏదో ఫ్యాక్టరీ గేటు ముందు వాచ్‌మన్ టోపీ పెట్టుకుని నిలబడాలి. ఆ టోపీ తన మొహానికి నప్పదని హరినాథ్‌కు గట్టి నమ్మకం.

అందుకే నెలరోజులు కూర్చుని డిజైను గీశాడు. అందులో నెమళ్లున్నాయి, ఏనుగులున్నాయి, చంద్రగిరి కోట ఉంది. కొంగులో కాస్త ఖాళీ కనిపిస్తే మనసొప్పక శ్రీహరికోట రాకెట్టును కూడా ఎక్కించాడు.

ఆ సర్వరుకు ఒక పట్టింపు ఉంది. ఫైలును నేరుగా పంపితే ముట్టుకోదు. ముందు మూడు ఆదేశాలు పంపాలి: నా గది తెరువు, అందులో పాతది ఉంటే తీసెయ్యి, కొత్తది వస్తోంది కాచుకో. అవి విన్నాకే ఫైలును లోపలికి రానిస్తుంది. గదిలో ఒక్క ఫైలుకే చోటు.

హరినాథ్ కంప్యూటరు ముందు కూర్చోగానే తండ్రి కుప్పయ్య గోడ క్యాలెండరు పట్టుకుని వచ్చాడు.

"ఇంగ కొంచేపట్లో రాహుకాలం. పన్నెండు దాకా ఏదీ గడప దాటకూడదు."

"పన్నెండుకు వాళ్లు తలుపు మూసేస్తారు నాయనా!"

"అయితే ఇప్పుడే పంపు."

"ఫైలు ఇంకా తయారవతా ఉండాది. ఏనుగులు బరువు కదా, అరగంట పడుతుంది."

కుప్పయ్య క్యాలెండరును ఇంకోసారి చూశాడు. "అట్లయితే ప్రస్థానం పెడదాం."

మంచి వేళకు బయల్దేరలేని మనిషి తన మూటనొకదాన్ని ముందే పక్కింటికి పంపడం ఆ ఇంటి ఆచారం. మూట కదిలితే ప్రయాణం మొదలైనట్టే. మనిషి రాహుకాలం దాటాక తీరిగ్గా వెళ్లొచ్చు. కుప్పయ్య అప్పటికప్పుడు ఒక నూలుగుడ్డను పసుపునీళ్లలో ముంచి, వక్కా బియ్యమూ మూటగట్టి, కుంకుమబొట్టు పెట్టి కొడుకు ముందు పట్టుకున్నాడు. "ఫోటో తీసి పంపు."

హరినాథ్‌కు ఒళ్లు మండింది. కానీ నాన్నతో వాదిస్తే రాహుకాలమే కాదు, సాయంకాలం కూడా అయిపోతుంది. ఫోటో తీశాడు, మూడు ఆదేశాలూ పంపాడు, మూటను పంపాడు.

"ఆ ఆదేశాల్లో కాచుకో అని కూడా చెప్పినావు కదా?"

"చెప్పినాను."

"చెప్పినాక కాచుకోకుండా యాడికి పోతుంది?" అని కుప్పయ్య కుర్చీ లాక్కుని, కంప్యూటరుకు కాపలా కూర్చున్నాడు.

ఫైలు తయారైంది. కుప్పయ్య కదల్లేదు. గుమ్మంలో నిలబడ్డ భార్య చంద్రికకు హరినాథ్ కళ్లతో సైగ చేశాడు, నాన్నను కాసేపు అవతలికి తీసుకుపొమ్మని. చంద్రిక తెలివైన మనిషి. ఆ సైగకు 'నువ్వు పంపేయ్' అని అర్థం చేసుకుంది. లోపలి గదిలో, కంప్యూటరులోని ఫైళ్లన్నీ కనబడే లాప్‌టాప్ తెరిచి, ఆదేశాలిచ్చి, మూటను తీయించేసి, ఏనుగులతో సహా డిజైనును చక్కగా పంపేసింది. ఆ శుభవార్త మొగుడి చెవిన వేయాలని, "మామా, మజ్జిగ తాగుదురు రాండి" అని ముందు కుప్పయ్యను వసారాలోకి పిలిచింది.

తన సైగ ఫలించిందనుకున్నాడు హరినాథ్. గబగబా మొదటి ఆదేశం పంపాడు, రెండోదీ పంపాడు. 'ఉన్నది తీసేశాను' అంది సర్వరు. పీడా పోయింది మూట, అనుకున్నాడు. పోయింది మూట కాదు, అతని నెలరోజుల కష్టం.

మూడో ఆదేశం కొట్టేలోపలే కుప్పయ్య తిరిగొచ్చాడు. "ఉప్పు లేని మజ్జిగ ఎవురు తాగుతారు? ఏదీ, మన మూట సూపియ్యి."

చూపించక తప్పలేదు. గది ఖాళీగా ఉంది. కుప్పయ్య మొహం పాలిపోయింది.

"మూట యాడికి పోయినాది? ప్రస్థానం పెట్టినాక మూట తీస్తే ప్రయాణం ఆగిపోయినట్టే కదరా! మళ్లీ పెట్టు!"

"రాహుకాలంలోనా నాయనా?"

"జారిపోయిన మూటను సర్దడానికి రాహుకాలం అడ్డంరాదు. పెట్టు!"

మూట బదులు డిజైను పంపేద్దామనుకున్నాడు గానీ, తండ్రి ముక్కు తెరకు ఆనుకుని ఉంది. పసుపు మూట మళ్లీ తిరుపతి చేరింది. కుప్పయ్య మళ్లీ కుర్చీలో కుదురుకున్నాడు, గడియారంలో ముళ్లు రెండూ పన్నెండు మీద కలిసేదాకా లేవలేదు. ఆయన ముందు చంద్రికకు తన శుభవార్త చెప్పే వీల్లేకపోయింది.

"రాహుకాలం పోయినాది. ఇంగ ధైర్యంగా పంపు!"

హరినాథ్ ఆదేశం పంపాడు. 'గడువు ముగిసింది' అని జవాబొచ్చింది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. వెనక మగ్గాల షెడ్డులో చీమ చిటుక్కుమనడం లేదు.

"ఎందుకట్లా కూచున్నారు?" అంది చంద్రిక. "నేనెప్పుడో పంపేసినాను కదా, మజ్జిగకు ముందే."

ఎవరు పంపింది ఎవరు తీశారో, ఎవరు పెట్టిందేదో లెక్క తేలేసరికి కుప్పయ్య కుర్చీలోంచి లేచాడు. "తప్పు నాదే అబ్బా," అన్నాడు మెల్లగా. ఆయన నోట ఆ మాట హరినాథ్ పుట్టి బుద్ధెరిగాక వినలేదు. తండ్రి మీద కోపం పోయి జాలేసింది. తడ టోపీ కళ్లముందు ఆడింది.

సాయంత్రం ఫోను మోగింది. కంపెనీలో డిజైన్లు ఎంచే ప్రసూనాంబ.

"ఆ పసుపు డిజైను మీదేనా?"

"మేడమ్, అది పొరపాటున..."

"పొరపాటేందప్పా! పొద్దున్నుంచి నెమళ్లు సూసి సూసి కళ్లు అలిసిపోయినాయి. అందరూ కంప్యూటరు బొమ్మలు పంపినారు, మీరొక్కరే నిజం గుడ్డ పంపినారు. ఒకచోట ముదురు, ఒకచోట లేత, మధ్యలో ఒక్కటే ఎర్రచుక్క! ఆర్డరు మీకే. సోమవారమే మగ్గాల మీదికి ఎక్కించేయండి."

చంద్రిక ఎగిరి గంతేసింది. కుప్పయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నేను చెప్పలా? మూట ముందు పోవాల!" తప్పు ఒప్పుకున్న సంగతి ఆయనకు అప్పటికే గుర్తులేదు.

"ఇంకో మాట," అంది ప్రసూనాంబ. "అంచు మీద ఆ మట్టిరంగు బుటా ఉండాది చూడండి, సన్నసన్న గీతలతో. అది మాత్రం అచ్చం అట్లనే రావాల. చీరకంతా అదే అందం."

హరినాథ్ ఫోటో తెరిచి చూశాడు. అంచు మీద బుటా ఏదీ లేదు. మూటను పట్టుకున్న నాన్న బొటనవేలుంది.

సోమవారం నుంచి మగ్గాలు వీధి అదిరేలా ఆడుతున్నాయి. కుప్పయ్య మాత్రం ఆ చేత్తో ఇంట్లో ఏ పనీ ముట్టుకోవడం లేదు, బుటా అరిగిపోతుందట.