తీగ లేని పూట

ఆ రోజు ఉదయం ఆ ఇంట్లో తేలాల్సిన విషయం ఒక్కటే. కోడలి చెవులకు ఏది తగిలించాలి? పాత హెడ్‌ఫోన్స్ కొన్నాళ్ళుగా గరగరమంటున్నాయి. వైరుకు చుట్టిన టేపు మీద మళ్ళీ టేపు చుట్టి లాక్కొస్తున్నారు. చివరికి కొడుకు రెండు డబ్బాలు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో వైరు లేని ఇయర్‌బడ్స్, చిక్కుడు గింజల్లా రెండు. ఇంకోదాంట్లో చవక రకం వైరు హెడ్‌ఫోన్స్. నచ్చనిది సాయంత్రంలోగా దుకాణంలో తిరిగి ఇచ్చెయ్యాలి.

చెప్పులు కొనాలన్నా ముందు కొన్నవాళ్ళందరి అభిప్రాయాలూ చదివితే గాని నిద్రపట్టని మనిషి ఆ కొడుకు. "వైరుదైతే చార్జింగ్ గొడవ లేదు, ఎక్కడో పడిపోతుందన్న భయం లేదు. కానీ బడ్స్ పెట్టుకుంటే బయటి శబ్దం అస్సలు రాదు. పక్కన గోడ కూలినా నీకు తెలీదు" అన్నాడు.

"గోడ కూలితే తెలియాలి కదండీ" అంది కోడలు.

"మాటవరసకి చెప్పాను."

మధ్యాహ్నం దాకా బడ్స్, ఆ తర్వాత వైరుది పెట్టుకుని చూడాలని ఒప్పందం కుదిరింది. కొడుకు ఆఫీసుకు వెళ్ళిపోయాడు. స్నానాల గదిలో ఉన్న స్టేషన్ మాస్టరుగారికి ఈ సంగతి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

స్టేషన్ మాస్టరుగారంటే ఆ కొడుకు తండ్రి. రిటైరయ్యాక రెండేళ్ళ కిందట ఇక్కడికి వచ్చారు. కోడలిది సామాన్లు తరలించే కంపెనీలో ఉద్యోగం. ఇల్లు మారేవాళ్ళకు ఏది తీసుకెళ్ళాలో, ఏది వదిలించుకోవాలో ఇంట్లోంచే ఫోన్‌లో చెబుతుంది. వచ్చిన కొత్తలో ఆయన ఆమెను కాల్ మధ్యలో పలకరించి నాలిక్కరుచుకున్నారు. ఆ రోజే ఒక నియమం పెట్టుకుని ఇంట్లో అందరికీ ప్రకటించారు. కోడలి భుజం మీద హెడ్‌ఫోన్స్ తీగ వేలాడుతుంటే ఎర్ర సిగ్నల్. తీగ లేకపోతే లైన్ క్లియర్, పలకరించవచ్చు. ఆ నియమాన్ని ఆయన ఎంత నిష్ఠగా పాటించారంటే, ఒకసారి కుళాయి విరిగి వంటింటి నీళ్ళు హాల్లోకి పారుతున్నా, గుమ్మం దగ్గర తడికాళ్ళతో నిలబడి తీగ దిగేదాకా కాచుకున్నారు.

హాల్లో సగం ఆయన బెంచీదే. చివరిగా పనిచేసిన స్టేషన్లో పాతవి వేలం వేస్తే ముచ్చటపడి తెచ్చుకున్నారు. ప్లాట్‌ఫారానికి సరిపోయే బెంచీ హాలుకు ఎలా సరిపోతుంది? అందరూ దాని చుట్టూ తిరిగి నడవడం అలవాటు చేసుకున్నారు. అది అడ్డమని కోడలు ఏనాడూ అనలేదు. అనలేదు కాబట్టే ఆయనకు అనుమానం. అడిగి తేల్చుకుందామంటే ఎప్పుడు చూసినా తీగ.

ఆ ఉదయం ఆయన కోడలి గది గుమ్మంలోకి వచ్చేసరికి కోడలు అటు తిరిగి కూర్చుని ఉంది. తలస్నానం చేసి జుట్టు వదిలేయడంతో చెవులు కనిపించడం లేదు. భుజం మీద తీగ లేదు. ఆయన ప్రాణం లేచివచ్చింది. నిజానికి ఆ క్షణంలో ఆమె చెవుల్లో ఒక పెద్దాయన ఉన్నాడు. సొంత ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళబోతున్న కస్టమరు, ఒక పాత సోఫా మీద ప్రాణం పెట్టుకుని బేరమాడుతున్నాడు.

"ఏమ్మా, ఖాళీయేనా?" అన్నారు స్టేషన్ మాస్టరుగారు.

"చెప్పండి సార్, మీకోసమే ఉన్నాను" అంది కోడలు కస్టమరుతో.

ఈ ఇంట్లో ఇంత మర్యాద ఆయన ఎరగరు. గొంతు సవరించుకున్నారు. "ఆ బెంచీ నీకు అడ్డంగా ఉందా? మొహమాటపడకుండా చెప్పు."

"అడ్డమే కదండీ. ఇన్నాళ్ళూ ఎలా భరించారో నాకర్థం కావడం లేదు."

"ఎవరికైనా ఇచ్చెయ్యనా?"

"ఇచ్చెయ్యండి. ఇవాళే అయితే మరీ మంచిది."

ఆర్డరు అందగానే తిరిగి చదివి వినిపించడం రైల్వేలో పద్ధతి. "బెంచీ, ఇవాళే, ఇచ్చెయ్యాలి. అంతేనా?"

"అంతేనండీ" అని కోడలు తల కూడా ఊపింది.

కింది అంతస్తులో దుకాణం ఉన్న టైలరు ఆ బెంచీ మీద ఎప్పటినుంచో కన్నేసి ఉన్నాడు. కబురందడమే ఆలస్యం, తోడుకొకణ్ణి తీసుకొచ్చి మోసుకుపోయాడు. మెట్ల మలుపు దగ్గర బెంచీ రెయిలింగును ఢీకొట్టిన చప్పుడుకు ఎదురింటివాళ్ళు తలుపు తీశారు. కోడలు మాత్రం కదల్లేదు. గోడ కూలినా తెలీదన్న ఆ కొడుకు అప్పుడప్పుడు నిజం కూడా చెబుతుంటాడు.

బెంచీ సాగనంపి స్టేషన్ మాస్టరుగారు మళ్ళీ గుమ్మంలోకి వచ్చారు. "పని అయిందమ్మా. ఇంకేమైనా ఉందా?"

"మంచం కూడా వద్దండీ."

ఆయన తన గది వైపు ఓసారి చూశారు. "మంచం లేకపోతే నేనెక్కడ పడుకోను?"

"మీ అమ్మాయి ఇంట్లో అన్నీ ఉంటాయి కదా. అక్కడే హాయిగా ఉంటుంది మీకు. రెండు జతల బట్టలు, మందులు, కళ్ళజోడు పెట్టుకుని బయల్దేరిపొండి. మిగతావి మేం చూసుకుంటాం."

 ఆయనకు బాధ కలిగింది, కాదనడానికి లేదు. అయినా ఆర్డరు ఆర్డరే. "కూతురింటికి, రెండు జతల బట్టలతో" అని తిరిగి చదివారు. "కరెక్ట్" అంది కోడలు. ఆయన గదిలోకి వెళ్ళి మంచం కింది నుంచి ట్రంకుపెట్టె లాగారు. తర్వాత కూతురికి ఫోన్ చేశారు.

"నాకు ట్రాన్స్‌ఫర్ అయిందమ్మా. మీ ఇంటికే."

"ఎవరు చేశారు నాన్నా?"

"పై అధికారి. నీ మరదలు."

కూతురు ముందు తమ్ముడికి ఫోన్ చేసి అరిచింది, ఆ తర్వాత టాక్సీ ఎక్కింది. తమ్ముడు ఆఫీసులో చేస్తున్న పనిని సగంలో వదిలేసి బయల్దేరాడు. ఇక్కడ స్టేషన్ మాస్టరుగారు బూట్లు తొడుక్కుని, చివరిసారి చెప్పి వెళ్దామని గుమ్మంలో నిలబడ్డారు.

"వెళ్ళొస్తానమ్మా."

"చాలా సంతోషమండీ. మా సేవలు మీకెలా అనిపించాయో అయిదుకి ఎన్నో చెబితే రాసుకుంటాను."

ఆయన న్యాయంగా ఆలోచించారు. "నాలుగు. కాఫీ ఇంకొంచెం వేడిగా ఉంటే అయిదిచ్చేవాణ్ణి" అన్నారు.

కొడుకు వగరుస్తూ తలుపు తోసుకొచ్చాడు. అలవాటు చొప్పున లేని బెంచీ చుట్టూ తిరిగి, అక్కడ ఉన్న ట్రంకుపెట్టె తట్టుకుని బోర్లాపడ్డాడు. వాడి వెనకే కళ్ళు తుడుచుకుంటూ కూతురు, ఆమె వెనక పెట్టె మొయ్యడానికి టాక్సీ డ్రైవరు. సరిగ్గా అప్పుడే బడ్స్‌లో చార్జింగ్ అయిపోయి, మంచినీళ్ళ కోసం కోడలు బయటికొచ్చింది.

"నాన్నని వెళ్ళిపొమ్మన్నావట" అంది కూతురు.

"నేనా? పొద్దున్నించి మామయ్యతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు వదినా."

"అలా అనకమ్మా" అన్నారు స్టేషన్ మాస్టరుగారు నొచ్చుకుంటూ. "ప్రతి ఆర్డరూ నీకు తిరిగి చదివాను. కరెక్టన్నావు."

కోడలికి తల తిరిగిపోయింది. జుట్టు వెనక్కి తోసుకుని, చెవుల్లోంచి బడ్స్ తీసి బల్ల మీద పెట్టింది. స్టేషన్ మాస్టరుగారు వంగి వాటిని ఒక పురుగును పరిశీలించినట్టు పరిశీలించారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"దీనికి తీగేదీ?"

"ఉండదు మామయ్యా. అదే దీని గొప్ప."

"అంటే పొద్దున్నుంచీ లైన్‌లో బండి ఉందా?"

"ఉంది. పాపం ఎవరో పెద్దాయన. ఆయన సోఫా గురించి."

సంగతి అర్థం కావడానికి ఒక్కొక్కరికి ఒక్కో వ్యవధి పట్టింది. అందరికంటే ముందు నవ్వింది టాక్సీ డ్రైవరు. కూతురు కళ్ళు తుడుచుకోవడం ఆపి, ముక్కు తుడుచుకుంది. కొడుకు మోకాలు రుద్దుకుంటూ లేచాడు. "ఇంకేం ఆలోచించక్కర్లేదు. వైరుదే ఉంచుదాం. బడ్స్ ఇప్పుడే తిరిగి ఇచ్చేస్తాను. నాన్నా, ఏమంటారు?"

స్టేషన్ మాస్టరుగారు ట్రంకుపెట్టె మీద కూర్చుని బూట్లు విప్పుతున్నారు. "నన్నడిగితే ఆ గింజలే నయంరా" అన్నారు.

"మిమ్మల్ని ఇంట్లోంచి పంపించేశాయి కదా నాన్నా."

"పంపించేస్తే పంపించాయి. ఈ రెండేళ్ళలో నాతో ఇంతసేపు మాట్లాడిందెవరు చెప్పు? నువ్వు రాత్రికొస్తావు. ఆ అమ్మాయి భుజం మీద తీగ ఎప్పుడూ ఉంటుంది. ఇవాళ ఏది అడిగినా జవాబొచ్చింది. పొమ్మన్నా సరే, ఎంత ఓపిగ్గా చెప్పిందనుకున్నావు."

 కోడలికి సిగ్గేసింది. కుళాయి నీళ్ళలో నిలబడ్డ మనిషి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. పెట్టె పిడి పట్టుకున్న టాక్సీ డ్రైవరును పంపించేసి, ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.

"వైరుదే పెట్టుకుంటాను మామయ్యా. కానీ ఇక మీదట కాల్ అవగానే తీసేస్తాను. మీరు వచ్చి కూర్చుని ఏదైనా చెప్పాలి."

"ఏం చెప్పను?"

"మీ ఇష్టం. మీ స్టేషన్ల గురించి చెప్పండి."

ఆయన మర్నాటి నుంచే మొదలుపెట్టారు. తీగ దిగడమే ఆలస్యం, కుర్చీ లాక్కుని కూర్చునేవారు. మొదటి స్టేషన్‌లో చేరిన రోజు దగ్గర ఎత్తుకుని, ఏ బండి ఎందుకు ఆలస్యమైందో, ఏ గార్డు ఎవరితో ఏమన్నాడో ఒక్కటీ వదలకుండా వరసగా చెప్పుకొచ్చారు. ఆయన మొత్తం పనిచేసింది ఇరవై రెండు స్టేషన్లలో. ఇప్పటికి రెండోది నడుస్తోంది.

ఈ మధ్య కాల్స్ లేని వేళల్లో కూడా కోడలి భుజం మీద తీగ వేలాడుతోంది.